సైరన్ మోగని ఊళ్లో... ఎవరి గడియారం వాళ్లది!

బోధన్‌ను ఆనుకుని ఉన్న శక్కర్‌నగర్‌లో ఒకప్పుడు గోడకు గడియారం ఉన్నా, దాని వంక చూసేవాళ్లు తక్కువ. చక్కెర ఫ్యాక్టరీ సైరన్ మోగిందంటే పొయ్యి వెలిగించాలి. మళ్లీ మోగిందంటే ఇంటాయన డ్యూటీ దిగి వస్తున్నట్టు. రాత్రి మోగిందంటే పిల్లలు పుస్తకాలు సర్దేసి పడుకోవాలి. షిఫ్టు ఇంట్లో ఒక్కరికే. కానీ దాన్నిబట్టే అన్నం వండేదీ, నీళ్లు పట్టేదీ, నిద్రపోయేదీ ఇల్లంతా!

ఉద్యోగం గురించి మాట్లాడితే చాలామంది జీతం దగ్గర మొదలుపెట్టి జీతం దగ్గరే ఆపేస్తారు. అది ఇంటి వేళల్ని కూడా నడిపిస్తుందన్న సంగతి ఆ పని పోయినప్పుడో, మారినప్పుడో గానీ తెలిసిరాదు. ఉద్యోగం మారేది ఒక్కరికే... దినచర్య మారేది ఇంటిల్లిపాదికీ. నిజామాబాద్, బోధన్ ప్రాంతాల కుటుంబాలు గత పాతికేళ్లలో అనుభవం మీద తెలుసుకున్న విషయమిది. ఆ పాతికేళ్లలోనే గ్యాస్ పొయ్యి, మిక్సీ, సెల్‌ఫోన్, ల్యాప్‌టాప్ ఒకదాని వెనక ఒకటి ఇళ్లలోకి వచ్చాయి. పని మారినప్పుడు ఇంట్లో ఏర్పడిన వెలితిని కొన్నిసార్లు అవే తీర్చాయి. కొన్నిసార్లు కొత్త వెలితికి అవే కారణమయ్యాయి.

చెరకు ఆగదు... మిల్లూ ఆగదు

మంజీర నది మీద నిజాంసాగర్ నిర్మాణం 1923లో మొదలై 1931లో పూర్తయింది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ పర్యవేక్షణలో కట్టిన ఆ ప్రాజెక్టు కాలువ నీళ్లతో ఈ నేల రూపమే మారిపోయింది. కాలువ వెంట కోస్తా జిల్లాల రైతులు కూడా వచ్చి స్థిరపడ్డారు. వాళ్లు కట్టుకున్న ఊళ్లకు ఇప్పటికీ 'క్యాంపు' అన్న పేరే ఉంది. నీళ్లొచ్చాక చెరకు వచ్చింది. చెరకు వెనకే, ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ హయాంలో, 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీ అన్న పేరు చాలాకాలం దానికి ఉండేది. ఫ్యాక్టరీకి వేల ఎకరాల సొంత పొలాలుండేవి. క్వార్టర్లు, బడి, ఆస్పత్రి... అన్నీ అక్కడే. ఊరి పేరులోనే శక్కర ఉంది మరి!

చెరకుకు ఓ గుణం ఉంది. నరికిన గడను వెంటనే మిల్లుకు పంపకపోతే ఎండకు బరువు తగ్గుతుంది, అందులోని చక్కెర విరిగిపోతుంది. అందుకే సీజన్ మొదలైతే మిల్లు రాత్రనక పగలనక తిరగాల్సిందే. చలికాలం మొదట్లో మొదలైన క్రషింగ్ వేసవి దాకా సాగేది. ఆ నాలుగైదు నెలలు చెరకు బండ్లు బారులు తీరేవి, ఊరంతా పాకం వాసన. పెళ్లి ముహూర్తాలైనా, చుట్టాలింటికి పోవడమైనా 'సీజన్ అయిపోయినంక చూద్దాం' అనేవాళ్లు. ఒక్కమాటలో చెప్పాలంటే... చెరకు వేళలే ఇంటి వేళలు.

ఆ వేళలు సుఖమైనవేం కాదు. రాత్రి షిఫ్టు చేసి పగలు పడుకునే తండ్రి కోసం పిల్లలు గొంతు తగ్గించి ఆడుకోవాల్సి వచ్చేది. కానీ కష్టమైనా అవి అందరికీ తెలిసిన వేళలు. పక్కింటివాళ్లవీ అవే, ఎదురింటివాళ్లవీ అవే. ఎవరు ఎప్పుడు ఇంట్లో ఉంటారో అడగాల్సిన పని లేదు.

మధ్యాహ్నం ఇంట్లో ఉన్న మనిషి

2002లో ఫ్యాక్టరీలో 51 శాతం వాటా ప్రైవేటు చేతుల్లోకి వెళ్లింది. ఎంతోమంది కార్మికులు స్వచ్ఛంద పదవీ విరమణ కింద ఇంటికొచ్చారు. వీఆర్‌ఎస్... ఆ మూడక్షరాలు ఈ ప్రాంతంలో చదువురానివాళ్లకు కూడా కంఠతా వచ్చు. 2015 డిసెంబరులో మిల్లు లేఆఫ్ ప్రకటించింది. 2019లో జాతీయ కంపెనీ లా ట్రైబ్యునల్ సంస్థ ఆస్తుల లిక్విడేషన్‌కు ఆదేశించింది. తిరిగి తెరిపించే మార్గం చూడమంటూ రాష్ట్ర ప్రభుత్వం 2024లో కమిటీ వేసింది. కాగితాల మీది చరిత్ర ఇది. ఇళ్లలో జరిగింది వేరు.

ఓ ఇంటిని ఊహించుకోండి. ఇంటిపెద్ద ఫ్యాక్టరీలో చక్కెర పాకం కాచే విభాగంలో ముప్ఫై ఏళ్లు పనిచేశాడు. యాభయ్యో ఏట వీఆర్‌ఎస్ తీసుకున్నాడు. చేతికొచ్చిన డబ్బు కొంత అప్పులకు, కొంత కూతురి పెళ్లికి, కొంత రెండెకరాల పొలానికి పోయింది. ఇద్దరు కొడుకులు. పెద్దవాడు ఇంటర్ దగ్గర ఆగిపోయాడు, చిన్నవాడు బడికి పోతున్నాడు. భార్య పెళ్లయిన నాటి నుంచీ బీడీలు చుడుతోంది. బోధన్‌లో, నిజామాబాద్‌లో ఇలాంటి ఇల్లు వీధికొకటి కనిపిస్తుంది.

డబ్బు లెక్క ఎలాగోలా సర్దుకుంది. సర్దుకోనిది మధ్యాహ్నం. ముప్ఫై ఏళ్లుగా ఆ వేళకు ఇంట్లో ఉండని మనిషి, ఇప్పుడు రోజంతా మంచం మీదో, అరుగు మీదో ఉంటున్నాడు. గంటకోసారి చాయ్ అడుగుతాడు. పాకం ముదిరిందో లేదో చూపుతోనే చెప్పగలిగిన నైపుణ్యం ఆ ఇంట్లో ఎవరికీ అవసరం లేదు. అప్పటిదాకా ఆ సమయంలో ఇల్లు భార్యది. ఇరుగుపొరుగు ఆడవాళ్లు చాటలు పట్టుకొచ్చి చేరేవారు, కబుర్ల మధ్య బీడీలు చకచకా సాగేవి. ఇప్పుడు వాళ్లు గుమ్మం దాకా వచ్చి 'అన్న ఉన్నడా?' అని అడిగి వెనక్కి పోతున్నారు.

ఆ రోజుల్లో చాలా ఇళ్లలో కొత్త కలర్ టీవీ కనిపించింది. 'పని లేనోడికి టీవీ ఎందుకు?' అని ఎగతాళి చేసినవాళ్లూ ఉన్నారు. కానీ అది వినోదం కోసం కొన్నది కాదు... మధ్యాహ్నాన్ని గట్టెక్కించడానికి కొన్నది! ఆ సంగతి ఆ ఇంటి ఇల్లాలికి తెలుసు.

దుబాయి నుంచి గొంతు

నిజామాబాద్ జిల్లాలో 'దుబాయి పోవుడు' అంటే దుబాయికే పోవడం కాదు. సౌదీ అయినా, మస్కట్ అయినా, కువైట్ అయినా అన్నీ దుబాయే. అంతకుముందు తరంలో అక్కడి నుంచి ఉత్తరాలు వచ్చేవి. చదవడం, రాయడం రాని ఇళ్లకు క్యాసెట్లు వచ్చేవి. కొడుకు తన మాటలు రికార్డు చేసి, సెలవు మీద వచ్చే ఎవరి చేతికో ఇస్తే, ఇక్కడ టేప్‌రికార్డరు చుట్టూ కూర్చుని ఇంటిల్లిపాదీ వినేవారు. జవాబు కూడా క్యాసెట్లోనే. ఒక్క మాట అటుపోయి ఇటు రావడానికి నెలలు పట్టేది. కానీ ఆ మాటను ఎన్నిసార్లయినా వినొచ్చు.

తర్వాత ఎస్టీడీ బూత్‌లు వచ్చాయి. పెళ్లిపత్రికల మీద 'పీపీ' అని రాసి పక్కింటివాళ్ల నంబరు వేసుకున్న కాలమది. ఫోనొచ్చిందని కేకేస్తే చేతిలో పని వదిలేసి పరుగెత్తాలి. అద్దాల గదిలో ఎర్ర అంకెల మీటరు తిరుగుతుంటే 'మంచిగున్నవా బిడ్డా? టైముకు తింటున్నవా?' అన్న రెండు ముక్కలకే గుండె నిండిపోయేది. చెప్పాలనుకున్నవి చెప్పకుండానే లైను కట్టయ్యేది.

ఊహించుకున్న ఇంటి పెద్దకొడుకు 2003లో గల్ఫ్ వెళ్లాడు. సెల్‌ఫోన్లకు ఇన్‌కమింగ్ చార్జీలు తీసేసిందీ ఆ ఏడే. చేతిలో ఫోనుంటే చాలు, పైసా ఖర్చు లేకుండా కొడుకు గొంతు వినొచ్చు. ఏడాది తిరక్కుండానే ఇంట్లోకి నోకియా వచ్చింది. ఆ తర్వాతి పదేళ్లలో వీడియో కాల్ వచ్చింది. కొన్ని గల్ఫ్ దేశాల్లో ఇంటర్నెట్ కాల్స్ మీద ఆంక్షలుండేవి. సౌదీ అరేబియా 2017 సెప్టెంబరులో గానీ వాటిని సడలించలేదు. అయినా ఏదో ఒక యాప్ పట్టుకుని ముఖాలు చూసుకోవడం నేర్చుకున్నారు.

ఇక్కడే ఓ చిక్కు వచ్చింది. నెలకోసారి వచ్చే ఫోనులో ఎవరూ గొడవలు చెప్పుకోరు. రోజూ వచ్చే ఫోనులో అన్నీ దొర్లుతాయి. పిల్లవాడి మార్కులు తగ్గాయని, బోరు కాలిపోయిందని, అత్తకూ కోడలికీ మాటామాటా అయిందని... అన్నీ ఏ రోజువి ఆ రోజే అక్కడికి చేరతాయి. ఎండలో పన్నెండు గంటలు పనిచేసి గదికొచ్చిన మనిషి, వేల మైళ్ల దూరం నుంచి ఇంటి తగాదా తీర్చాలి. తీర్చలేడు. వినకుండా ఉండలేడు. ఇటు భార్యకు మరో కష్టం. ఆయన ఫోను చేసే రాత్రివేళకు మెలకువగా ఉండాలి, తెల్లారక ముందే లేవాలి. ఫోను మోగే వేళకు ఆమె ఇంట్లో లేకపోతే దానికో సంజాయిషీ. గొంతు దగ్గరైంది నిజమే... దానితోపాటు ఆమె మీద ఓ కొత్త డ్యూటీ కూడా పడింది.

మిగిలిన టైము ఎటు పోయింది?

1999లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దీపం పథకం మొదలుపెట్టింది. మహిళా సంఘాల సభ్యులకు వంటగ్యాస్ కనెక్షన్లు వచ్చాయి. కట్టెలు ఏరుకునే పని, పొగలో కళ్లు నలుపుకొనే బాధ తగ్గాయి. రోలు మూలకు చేరి మిక్సీ ముందుకొచ్చింది. పొద్దున గంట, సాయంత్రం గంట మిగిలాయి.

మరి ఆ రెండు గంటలు ఏమయ్యాయి? బీడీలు చుట్టే ఇంట్లో దీనికి జవాబు తేలిక... ఇంకో రెండొందల బీడీలయ్యాయి. బీడీకి కూలి వెయ్యికి ఇంత అని లెక్క. తునికాకు తడపాలి, కత్తెరతో కొలతకు కత్తిరించాలి, తంబాకు వేసి చుట్టాలి, దారం కట్టాలి, కట్టలు చేయాలి. కార్ఖానాలో అప్పజెప్పినప్పుడు బాగాలేవంటూ కొన్ని పక్కన పడేస్తే ఆ శ్రమ వృథా. కాబట్టి ఖాళీ దొరికిన ప్రతి నిమిషమూ చాటలోకే పోతుంది. యంత్రం టైము మిగిల్చింది గానీ, అది ఆమె కోసం మిగలలేదు.

ఇదే మాట పొలానికి చెప్పి చూడండి, వేరే జవాబొస్తుంది. వ్యవసాయానికి రాత్రిపూట కరెంటిచ్చిన రోజుల్లో బోరు ఆన్ చేయడానికి రైతు టార్చిలైటు పట్టుకుని పొలానికి పోవాల్సి వచ్చేది. పాములు, కరెంటు షాకులు... తెల్లారి మనిషి తిరిగొచ్చేదాకా ఇంట్లో ఆడవాళ్లకు కంటి మీద కునుకుండేది కాదు. తర్వాత మోటారుకు సెల్‌ఫోన్ తగిలించి ఇంటి నుంచే నడిపే స్టార్టర్లు వచ్చాయి. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైంది. గల్ఫ్ నుంచి తిరిగొచ్చి, చెరకు మానేసి రెండెకరాల్లో వరి వేస్తున్న పెద్దకొడుకు ఇప్పుడు రాత్రిళ్లు ఇంట్లోనే పడుకుంటాడు. ఇక్కడ యంత్రం మిగిల్చిన టైము నేరుగా నిద్రలోకి పోయింది.

ఒకే ఇల్లు. రెండు యంత్రాలు. ఒకటి మగాడికి నిద్రనిచ్చింది, రెండోది ఆడమనిషికి ఇంకొంచెం పని ఇచ్చింది. తప్పు మిక్సీది కాదు, మోటారుదీ కాదు. మిగిలిన గంట ఎవరిదన్న మాట ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ అనుకోలేదు. అంతే!

ఇంటి నుంచి పని... ఇక్కడ కొత్తదా?

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న చిన్నకొడుకు, అదే రంగంలో ఉన్న భార్యతో కలిసి బోధన్ ఇంటికి చేరాడు. సెప్టెంబరు 1 నుంచి ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు దూరదర్శన్ యాదగిరి, టీశాట్ చానళ్లలో పాఠాలు మొదలయ్యాయి. ఒకప్పుడు తాత మధ్యాహ్నాన్ని గట్టెక్కించిన టీవీయే మనవడికి బడి అయింది. ముందు గదిలో కొడుకు ల్యాప్‌టాప్, వెనక గదిలో కోడలి ల్యాప్‌టాప్, హాల్లో పాఠాలు, అరుగు మీద తాత, వరండాలో నాయనమ్మ చాట. అందరూ ఇంట్లోనే. ఏ ఇద్దరి వేళలూ కలవవు.

చిన్నకొడుకు పనిలో ఉంటే అందరూ మెల్లగా నడిచేవారు. 'తమ్మునికి మీటింగుంది' అంటూ వదిన తలుపు దగ్గరికేసి పోయేది. చాయ్ గదిలోకే వెళ్లేది. అదే కంపెనీలాంటి మరో కంపెనీలో, అంతే జీతానికి పనిచేసే కోడలు గదిలో కూర్చుంటే మాత్రం, 'ఇంట్లనే ఉన్నవు కదా, కూర జర చూడు బిడ్డా' అని వినిపించేది. ఆమె హెడ్‌ఫోన్ తీసి కూర కలిపి వచ్చి మళ్లీ కూర్చునేది. ఎవరిదీ చెడ్డబుద్ధి కాదు. ఆడది ఇంట్లో ఉందంటే ఖాళీగా ఉన్నట్టే అన్న అలవాటు.

ఈ అలవాటును ఆ ఇంట్లో అందరికంటే ముందు గుర్తుపట్టింది అత్త. కారణం తేలికే. నలభై ఏళ్లుగా ఇంట్లో కూర్చుని పనిచేసిన మనిషి ఆమె. లాక్‌డౌన్‌లో పట్నాలన్నీ కొత్తగా నేర్చుకున్న ఇంటి నుంచి పని, నిజామాబాద్ బీడీ ఇళ్లలో ఎన్నో తరాలుగా ఉన్నదే! ఆమె చాట ముందు కూర్చున్నప్పుడు కూడా 'ఇంట్లనే ఉన్నవు కదా' అన్నారు. పిల్లాడు ఏడ్చినా, చుట్టం వచ్చినా, బర్రె అరిచినా లేవాల్సింది ఆమే. ఫ్యాక్టరీకి పోయేవాడి పనికి సైరన్ ఉంది, సీజన్ ఉంది, డ్యూటీ దిగడం ఉంది. ఆమె పనికి మొదలూ లేదు, చివరా లేదు.

చట్టం మాత్రం దాన్ని ఎప్పుడో గుర్తించింది. 1966లో వచ్చిన బీడీ, సిగార్ కార్మికుల చట్టం... ముడిసరుకు తీసుకెళ్లి ఇంట్లో బీడీలు చుట్టేవాళ్లను కూడా కార్మికులుగానే లెక్కించింది. తెలంగాణ ప్రభుత్వం 2015లో బీడీ కార్మికులకు నెలకు వెయ్యి రూపాయల జీవనభృతి ప్రకటించి, 2019లో దాన్ని 2,016 రూపాయలకు పెంచింది. సర్కారు కాగితంలో కార్మికురాలైన మనిషి, సొంత ఇంట్లో మాత్రం 'ఖాళీగా కూర్చుని బీడీలు చేసుకునే ఆమె' గానే మిగిలిపోయింది.

అందుకే ఓ రోజు కోడలు గదిలోంచి లేవబోతుంటే ఆమే ఆపింది. 'నువ్వు కూసో. నీది డ్యూటీ. కూర నీ మామ చూస్తడు' అంది. పాకం చూపుతోనే పట్టేసిన మనిషికి కూర అడుగంటకుండా చూడడం ఏం కష్టం! మొదట్లో ఆయనకు నామోషీ అనిపించింది. పది రోజులకు ఉప్పు ఎంత పడాలో భార్యకే చెప్పే స్థితికొచ్చాడు. పద్దెనిమిదేళ్లుగా గడవని మధ్యాహ్నానికి, టీవీ కంటే మంచి మందు అలా దొరికింది.

గోడ మీద కాగితం

2023 ఆగస్టులో నిజామాబాద్‌లో ఐటీ హబ్ ప్రారంభమైంది. అందరికీ అందులోనే ఉద్యోగాలు దొరుకుతాయని కాదు. కానీ చదువుకున్న పిల్లలు ఊరు వదిలిపోవడం ఒక్కటే దారి అన్న మాట ఇక చెల్లదు. చిన్నకోడలు అక్కడ చిన్న కంపెనీలో చేరింది. జీతం కొంచెం తగ్గింది. బోధన్ నుంచి నిజామాబాద్ పాతిక కిలోమీటర్ల పైమాటే అయినా, సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు. తగ్గిన జీతానికీ, దొరికిన సాయంత్రానికీ మధ్య బేరం కుదిరిందా లేదా అన్నది ఆ భార్యాభర్తలు నెలనెలా లెక్కేసుకుంటూనే ఉన్నారు. ఇలాంటి లెక్కలు ఒక్కసారికి తేలవు.

ఈలోగా వంటింటి గోడకు ఓ కాగితం అతికించారు. ఎవరు ఎప్పుడు పనిలో ఉంటారో అందులో రాశారు. కోడలి ఆఫీసు టైము, పెద్దకొడుకు పొలానికి పోయే వేళ, మనవడి ట్యూషన్... వాటితో పాటు అత్త బీడీలు చుట్టే వేళ కూడా. రాత్రి ఎనిమిదిన్నరకు అందరూ ఒక్కచోట తినాలి. అప్పుడు ఫోన్లన్నీ టీవీ పక్కన ఉండాలి. ఈ నియమాన్ని ఎక్కువసార్లు తప్పేది మనవడు కాదు, తాతే! యూట్యూబ్‌లో పాత సినిమాలు దొరుకుతున్నాయి మరి. అప్పుడు అందరూ నవ్వుతారు, ఆయన గొణుక్కుంటూ ఫోను తీసుకెళ్లి పెట్టేస్తాడు.

మొన్న వాషింగ్ మెషిన్ కొందామన్న మాట వచ్చింది. ధర, వాయిదాలు, నీళ్ల ప్రెషర్ అన్నీ మాట్లాడుకున్నారు. ఇంట్లో ఆరుగురి బట్టలు ఇప్పటిదాకా ఉతుకుతున్నది పెద్దకోడలు. అత్త ఆమెనే అడిగింది.

'అది వస్తే నీకు రోజుకో గంట మిగుల్తది. ఆ గంట ఏం జేస్తవ్ బిడ్డా? బీడీలు ఎక్కువ చేస్తా అనకు, చెప్తున్న.'

పెద్దకోడలు కాసేపు ఆలోచించింది. గల్ఫ్ ఫోను కోసం మెలకువగా ఉన్న రాత్రులు గుర్తొచ్చాయేమో!

'పండుకుంట అత్తమ్మా' అంది.

కాగితం మీద మధ్యాహ్నం రెండు నుంచి మూడు దాకా ఆమె పేరు రాసి, పక్కన 'నిద్ర' అని చేర్చారు. మెషిన్ ఇంకా రాలేదు... గంట మాత్రం అప్పుడే ఖాయమైంది.